ఏడోవాడు ఫ్రాంకేనా?

జూన్ 18, బుధవారం

ఉదయం 6:10. లేచాను. కొత్త డైరీ, కొత్త పెన్ను. ఇవాళ్టి నుంచి పద్నాలుగు రోజుల పాటు ఎర్హార్ట్ లైట్నర్ అనే నేను, వయసు డెబ్బై ఒకటి, ఊరు హాసెన్‌రాయిట్, సర్వే ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, కల్తీ లేని ఫ్రాంకుగా, అంటే ఫ్రాంకెన్ సీమ మనిషిగా బతకబోతున్నాను!

ఊరికే కాదు, కారణం ఉంది. జర్మనీ నడుమ ఉన్న మా ఫ్రాంకెన్ పల్లెల్లో పొలాల సరిహద్దు రాళ్ళు పాతడానికి ప్రమాణం చేసిన ఏడుగురు ఉంటారు. రాయి కింద ఒక గుర్తు పెడతాం. అదేమిటో ఆ ఏడుగురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పెళ్ళానికి చెప్పం, పాస్టరుకి చెప్పం, పోయేటప్పుడు కూడా చెప్పం. ఒకడు పోతే మిగతావాళ్ళు ఇంకొకణ్ణి ఎంచుకుంటారు. మార్చిలో ముసలి గ్యోర్గ్ పోయాడు. ఆరుగురం మిగిలాం. వయసులో కాదు గానీ పదవిలో వాళ్ళకి పెద్దను నేను. ఏడోవాడి పేరు చెప్పాల్సింది నేనే. జూలై 2న, ఫ్రాంకుల దినం నాడు, ప్రమాణం.

మిగతా అయిదుగురిదీ ఒకటే మాట: ఆల్విన్.

ఆల్విన్ కుబిచెక్. పాల లారీ నడిపేవాడు. మా పక్కిల్లు. ముప్పై ఏళ్ళుగా మాకు రాళ్ళు మోసేది వాడే, గుంట తవ్వేది వాడే. గుర్తు పెట్టే వేళకి పార కింద పెట్టి, పది అడుగులు అవతలికి పోయి, మా వైపు వీపు పెట్టి నిలబడతాడు. అయిపోయిందని నేను కేకేస్తే వచ్చి మట్టి కప్పుతాడు. మంచివాడు. కాదని నేనెప్పుడన్నాను? కానీ వాడి అమ్మా నాన్నా యుద్ధం అయ్యాక 1946లో చెక్ దేశపు బొహీమియా నుంచి జర్మన్లని తరిమేస్తే తోపుడుబండి తోసుకుంటూ వచ్చినవాళ్ళు. ఏడుగురిలో ఒకడంటే ఫ్రాంకు అయి ఉండాలి గదా. మరి ఫ్రాంకు అంటే ఎవడు?

ఇంతవరకు ఎవరూ రాసి పెట్టలేదు. నేను రాస్తాను. పద్నాలుగు రోజులు గడువు కావాలన్నాను. అయిదుగురూ తమ బీరు గ్లాసుల్లోకి చూశారు. మా వైపు దాన్ని ఒప్పుకోవడం అంటారు.

నియమాలు:
1. పుస్తకాల జర్మన్ ఒక్క ముక్క మాట్లాడను. ఫ్రాంకు మాటే.
2. ఫ్రాంకు తిండే. మ్యూనిక్ వాళ్ళ తెల్ల సాసేజ్ గడప దాటి లోపలికి రాకూడదు.
3. ఎవడైనా నన్ను బవేరియావాడు అంటే అక్కడికక్కడే సరిదిద్దాలి. రెండు వందల ఏళ్ళ కిందట మమ్మల్ని మ్యూనిక్ వాళ్ళ బవేరియాకి అప్పజెప్పారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.
4. రోజుకో నిబంధన. ‘ఫ్రాంకు అంటే’ అని మొదలై ఒక్క కాగితంలో అయిపోవాలి.

7:00. ఎరుపు తెలుపుల మా ఫ్రాంకెన్ జెండా ఎగరేశాను. గాలి లేదు. కిటికీలోంచి మార్గా చూసి, నీ చేతిలో ఉన్న కాఫీ ఫ్రాంకెన్‌లో పండిందా అని అడిగింది. మార్గా నా భార్య. కాఫీ గింజలు ఎక్కడ పండితేనేం, వేయించింది మా ఫ్రాంకెన్ నూర్న్‌బెర్గ్‌లో. చెల్లుతుంది.

జూన్ 19, గురువారం

సెలవు. కాథలిక్కుల పండగ. మాది లూథరన్ ఊరు. సెలవు ఇచ్చింది బవేరియా ప్రభుత్వం.

తీసుకున్నాను.

జూన్ 20, శుక్రవారం

9:30. నిబంధన ఒకటి: భాష. దీనికి శాస్త్రం కావాలి. విశ్వవిద్యాలయంలో మాండలికాల మీద పనిచేసే డాక్టర్ వీస్నర్ అనే ఆవిడకి ఫోన్ చేశాను. మంచి మనిషి, ఓపిగ్గా చెప్పింది. ఉత్తర సముద్రపు ఒడ్డున హాలండ్ మొదలుకొని, కొలోన్ మీదుగా, లక్సెంబర్గ్, మోసెల్ నది వెంబడి, మా దాకా ఉన్న మాటలన్నిటికీ పండితులు పెట్టిన ఇంటిపేరు ఫ్రాంకేనట!

కోట్ల మందిమి! మ్యూనిక్‌వాళ్ళు ఏ మూలకి వస్తారు? సముద్రం కూడా మాదే!

9:50. ఆవిడ ఇంకా మాట్లాడుతోంది. పేరు ఒకటే గానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదట. అదీగాక మా నూర్న్‌బెర్గ్ చుట్టుపక్కల మాట అచ్చమైన ఫ్రాంకు కాదట, సగానికి సగం బవేరియా మాట కలిసిందట. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను. అది తీగ ఫోను.

జూన్ 21, శనివారం

11:00. చెరువు దగ్గర గుడారాల మైదానానికి వెళ్ళాను. ఒక హాలండ్ ఆయన నిక్కరు వేసుకుని గిన్నెలు తోముకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి, తమ్ముడూ, మనం ఒక ఇంటివాళ్ళం అని మా మాటలో చెప్పాను. స్నానాల గదుల వైపు చెయ్యి చూపించాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి వాళ్ళావిణ్ణి పిలిచాడు.

చివరికి, నేను పుస్తకాల జర్మన్ మాట్లాడనని ప్రతిజ్ఞ చేశానని పుస్తకాల జర్మన్‌లోనే వివరించాల్సి వచ్చింది. అంతర్జాతీయ వ్యవహారం. లెక్కలోకి రాదు.

ఆయన అంతా విని, మీ బవేరియా చాలా అందంగా ఉందన్నాడు.

మధ్యాహ్నం 4:00 కల్లా హాలండ్‌ని తీసేశాను. లక్సెంబర్గ్ కూడా. కొలోన్‌ని ఉంచుదామా అనుకున్నాను గానీ వాళ్ళు బీరు మందుసీసా అంత గ్లాసులో తాగుతారు. తీసేశాను. నూర్న్‌బెర్గ్ సంగతి రేపు.

జూన్ 22, ఆదివారం

నూర్న్‌బెర్గ్ తీసేశాను. కాఫీ సంగతి తర్వాత చూద్దాం.

ఇక మిగిలింది మా ఊరి మాట. కొండ మీద చెట్ల కింద బల్లలేసి బీరు పోసే తోటలో మధ్యాహ్నం అయిదుగురికీ ఆల్విన్‌కీ పరీక్ష పెట్టాను. మా తాతల నాటి మాటలు ముప్పై. నాగలి మూతి ఇనుముకి ఏమంటారు, పొయ్యి వెనక గూటికి ఏమంటారు, అలాంటివి. అక్కడి ఆనవాయితీ ప్రకారం అందరూ సొంత డబ్బాల్లోంచి రొట్టె, ముల్లంగి తీసుకుని తింటూ జవాబులు చెప్పారు. త్సీగ్లర్‌కి ఇరవై నాలుగు వచ్చాయి. ఏడుగురిలో అందరికన్నా వయసు మళ్ళినవాడు, ఎనభై ఎనిమిది. మిగతావాళ్ళకి ఇరవై దగ్గర దగ్గర.

ఆల్విన్‌కి ముప్పైకి ముప్పై. నాకు ఇరవై ఆరు. ప్రశ్నలు రాసింది నేనే.

మార్గా అంతసేపు ముల్లంగి వైపు చూస్తూ కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి.

ఫ్రాంకు అంటే భాష ఒక్కటే కాదు. భాష పైపై వ్యవహారం.

జూన్ 23, సోమవారం

నిబంధన రెండు: పుట్టుక. హాసెన్‌రాయిట్ గడ్డ మీద పుట్టినవాడే ఫ్రాంకు. పొద్దున్నే రాశాను. స్పష్టంగా ఉంది. ఇక్కడ ఎవరూ వేలు పెట్టలేరు.

10:15. మార్గా వేలు పెట్టింది. ఆల్విన్ పుట్టింది సత్రం మేడ మీద డాన్సు హాల్లో. అప్పట్లో వలస వచ్చినవాళ్ళని అక్కడే పెట్టారు, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య దుప్పట్లు కట్టి. అంటే ఊరి నడిబొడ్డున పుట్టాడు. నేను పుట్టింది పట్నం ఆసుపత్రిలో. అమ్మకి కాన్పు కష్టమైందని తీసుకుపోయారు. నా తప్పా?

ఆ తర్వాత ఆవిడ చేతులు తుడుచుకుంటూ, “సరే, మరి నేనెవర్ని?” అని అడిగింది.

మార్గా పుట్టింది ఓబర్‌ఫాల్ట్స్‌లో. ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు. వాగు దాటితే వాళ్ళ ఊరు. కానీ వాగు అవతల వాళ్ళు మాట్లాడేది బవేరియా మాట, అది లోకమెరిగిన సంగతి. నలభై నాలుగేళ్ళ కిందట కోడలిగా వచ్చింది.

“నువ్వు నా భార్యవి,” అన్నాను.

“అది నేను చేసే పనయ్యా. నా జాతేంటో చెప్పు.”

నిబంధన రెండు పక్కన పెట్టాను. వేడెక్కువగా ఉంది, రాయబుద్ధి కావట్లేదు.

జూన్ 24, మంగళవారం

నిబంధన మూడు: తిండి. మనిషి ఎవరన్నది కంచంలో తెలుస్తుంది. పంది జబ్బ మాంసం వేపుడు, పైన కరకరలాడే చర్మం, పక్కన మా బంగాళదుంప ఉండలు, గోధుమరంగు పులుసు. ఆ ఉండలు తిని పెరిగినవాడే ఫ్రాంకు. ఇలాంటివి ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు, నలభై నాలుగేళ్ళుగా తింటున్నాను, నాకు తెలుసు!

మధ్యాహ్నం 12:30. భోజనాల దగ్గర ఇదంతా చదివి వినిపించాను. ఆ ఉండలు మార్గాకి వాళ్ళమ్మ నేర్పిన పద్ధతట. ఓబర్‌ఫాల్ట్స్‌వట. మా అమ్మ చేసేవి రాళ్ళలా ఉండేవని, పెళ్ళయిన కొత్తలో నేనే అన్నానట.

సాయంత్రం 6:00. వంటింట్లో పొయ్యి వెలగలేదు. అడిగాను. తాను పరదేశినని, ఫ్రాంకు వంట తనకి చేతకాదని చెప్పింది. జూలై 2 దాకా తన వంట తను చేసుకుంటుందట. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. మాట తిరుగుతుందేమోనని ఏడింటి దాకా బల్ల దగ్గరే కూర్చున్నాను. తిరగలేదు.

జూన్ 25, బుధవారం

సొంతంగా ఉండలు చేశాను. ఎంత సులువు!

1:40. ఉండలు నీళ్ళలో కరిగిపోయాయి. గరిటెతో వెతికాను, ఒక్కటీ లేదు. నీళ్ళు తాగాను. బంగాళదుంప సూపు కూడా ఫ్రాంకు వంటకమే.

4:00. ఆకలి.

జూన్ 26, గురువారం

పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దారిలో పిజ్జా. టొమాటోలు నూర్న్‌బెర్గ్ పక్కన కూరగాయల తోటలవి అని దుకాణంవాడు చెప్పాడు. నూర్న్‌బెర్గ్‌ని ఆదివారం తీసేశాను కదా. మళ్ళీ చేర్చుకున్నాను, కూరగాయల వరకు. కాఫీ కూడా.

పళ్ళ డాక్టరుతో పుస్తకాల జర్మన్ మాట్లాడాను. నోట్లో దూది ఉంది, లెక్కలోకి రాదు.

జూన్ 27, శుక్రవారం

నిబంధన నాలుగు. ఇదే అసలుది, ముందే రాయాల్సింది. ఫ్రాంకు అంటే ఎవడి తాత, ముత్తాత ఈ ఊరి శ్మశానంలో ఉన్నారో వాడు. మాటలు నేర్చుకోవచ్చు, ఉండలు చేయడం నేర్చుకోవచ్చు. తాతని నేర్చుకోలేం. అయిదుగురికీ ఫోన్ చేసి చదివాను. గంటలో ఊరంతా తెలిసింది.

మధ్యాహ్నం 3:00. ఆల్విన్ వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దగ్గర పార, గునపం, రాళ్ళు లాగే చక్రాల బండి పెట్టాడు. అన్నీ కడిగి, పారకి నూనె కూడా రాసి ఉంది.

“ఇవి మీ ఏడుగురివిరా,” అన్నాడు. “ఇంతకాలం మా కొట్టంలో పడున్నాయి.”

“ఏమైందిరా ఇప్పుడు?”

“నడుం.”

వాడి నడుముకి ఏమీ కాలేదు. నిన్న మధ్యాహ్నం చెర్రీ చెట్టెక్కి ఉన్నాడు. నేను సరేనన్నాను. వాడు జెండా తాడు జారింది చూసుకో అని చెప్పి వెళ్ళిపోయాడు.

మార్గా కిటికీ మూసేసింది.

జూన్ 28, శనివారం

రైతు బ్రున్నర్ పొలంలో రాయి పాతాలి. దారి వెడల్పు చేసినప్పుడు పాతది పోయింది. జూలై 2 కల్లా పని కావాలన్నాడు. ఆరుగురం వెళ్ళాం. రాయి బండిలోకి ఎక్కించడానికే గంట పట్టింది. త్సీగ్లర్ చేతికర్రతో సలహాలిచ్చాడు. ఇద్దరు కూర్చున్నారు. నాకు నడుం పట్టేసింది, నిజంగానే. గుంట మోకాలు లోతు కూడా కాలేదు. తిరిగొచ్చాం.

పొలంలో ఎవరూ నాతో మాట్లాడలేదు. కోపం కాదు, మేం మామూలుగానే మాట్లాడం. కానీ ఇవాళ మాట్లాడకపోవడం వేరుగా ఉంది.

ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను, ఇంకెక్కడా రాయను. ఆల్విన్ అంటే నాకు పడకపోవడం కాదు. ఊళ్ళో ఎవరు నవ్వినా వాడు చెప్పిన మాటకే నవ్వుతారు. లారీ వాడిది, చెర్రీలు వాడివి, ముప్పైకి ముప్పై వాడికి. నాకు ఒకటే ఉంది. రాయి దగ్గర వాడు వెనక్కి తిరుగుతాడు, నేను తిరగను. ముప్పై ఏళ్ళుగా ఆ వీపు చూస్తున్నాను. వాడు ఇటు తిరిగితే ఇక నా దగ్గరేముంటుంది?

రాసేశాను. ఈ పేజీ చింపేస్తే కుట్టు ఊడిపోతుంది, కొత్త డైరీ. ఉండనీ.

జూన్ 29, ఆదివారం

10:45. ఆరాధన అయ్యాక పాస్టర్ డిట్మర్ గారిని చర్చి పాత పుస్తకాలు చూపించమన్నాను. మా తాతల వరుస అంతా రాసుకుని ప్రమాణం రోజున చదువుదామని. ఆవిడకి ఎంత సంబరమో. ఆవిడ ఈ ఊరికి వచ్చిన ఆరేళ్ళలో ఎవరూ అడగలేదట. చేతికి తొడుగులిచ్చారు.

11:30. 1810 దాకా లైట్నర్లే. భేష్!
11:50. 1740. లైట్నర్లే!
12:10. 1652.

హాన్స్ లైట్నర్. ఎగువ ఆస్ట్రియా నుంచి మతం కోసం వెళ్ళగొట్టబడినవాడు. భార్య, నలుగురు పిల్లలు, ఒక బండి.

పాస్టర్ గారు సంతోషంగా చెప్పుకుపోతున్నారు. 1618 నుంచి 1648 దాకా నడిచిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఈ పల్లెలన్నీ ఖాళీ అయిపోయాయట, అప్పుడు ఆస్ట్రియా నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లే మళ్ళీ నింపారట. ఊళ్ళో సగం ఇంటిపేర్లు అక్కడివేనట. లైట్నర్ అని వినగానే తనకి అనుమానం వచ్చిందట. అందరికీ తెలుసనుకున్నారట.

ఆస్ట్రియావాళ్ళు మాట్లాడేది బవేరియా మాట. వీస్నర్ గారికి ఫోన్ చేసి అడగనక్కర్లేదు.

పుస్తకం మూశాను. ఈ సంగతి ఎక్కడా అనవద్దని పాస్టర్ గారిని బతిమాలాను.

“ఎందుకండీ,” అన్నారావిడ, “ఇందులో సిగ్గుపడేదేముంది?”

తొడుగులు విప్పి చేతికిచ్చి వచ్చేశాను.

జూన్ 30, సోమవారం

జెండా దించాను. ఉతకాలి.

మాంసం కొట్టువాడు రుచి చూడమని ఒక ముక్క ఇచ్చాడు. నమిలాక తెలిసింది తెల్ల సాసేజ్ అని. నమిలింది ఉమ్మేయడం మర్యాద కాదు. ఇంకో రెండు కట్టించుకున్నాను, బాగోలేదని రుజువుగా ఉంటాయని. ఇంటి వెనక షెడ్డులో నిలబడి తిన్నాను. పక్కన నంజుకునే తీపి ఆవపచ్చడి కూడా.

చాలా బాగున్నాయి. ఈ వాక్యం ఎవరి కంటా పడకూడదు.

జూలై 1, మంగళవారం

టెలిఫోన్ కంపెనీ నుంచి మ్యూనిక్ అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. బవేరియాలో మీ వైపు వాతావరణం ఎలా ఉందండీ అంది. బాగుందన్నాను. పుస్తకాల జర్మన్‌లో, ఇరవై నిమిషాలు. వారం రోజుల్లో నాతో ఇంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

నాలుగు నియమాలూ పోయాయి. కాగితం మీద ‘ఫ్రాంకు అంటే’ అని ఉంది. దాని కింద కొట్టివేతలు.

రేపు నాలుగింటికి ప్రమాణం. ఆల్విన్ ఇంట్లో నుంచి రెండు రోజులుగా సుత్తి చప్పుడు. ఏం చేస్తున్నాడని మార్గాని అడిగాను. వెళ్ళి నువ్వే అడుగు, మధ్యలో కంచె ఒకటే ఉంది అంది. వెళ్ళలేదు.

జూలై 2, బుధవారం

మధ్యాహ్నం 4:00. బీరు తోట. చెట్ల కింద బల్లల నిండా జనం, ఎవరి డబ్బాలు వాళ్ళవి. మేయరు తన పదవి గొలుసు మెడలో వేసుకుని వచ్చాడు. మార్గా అయిదుగురి బల్ల దగ్గర కూర్చుంది, ఆల్విన్ పక్కన. ఆల్విన్ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. రాడనుకున్నాను.

మేయరు, ఏడోవాడి పేరు చెప్పమన్నాడు. లేచాను. కాగితం తీశాను. “ఫ్రాంకు అంటే...” అన్నాను. ఆపైన లేదు. నూట యాభై మంది రొట్టె నమలడం ఆపేశారు.

పాస్టర్ గారు నన్ను ఆదుకోవాలనుకున్నారు. ఆవిడ మనసు మంచిదే, అదే ప్రమాదం. లేచి, లైట్నర్ గారు మొహమాటపడుతున్నారు గానీ వారి కుటుంబమే దీనికి మంచి జవాబని, 1652, హాన్స్, ఎగువ ఆస్ట్రియా, నలుగురు పిల్లలు, బండి, అన్నీ గడగడా చెప్పేశారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. త్సీగ్లర్ మాత్రం తన వినికిడి యంత్రం సరిచేసుకుని, మళ్ళీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పారు.

ఆల్విన్ నా వైపు చూశాడు. “అయితే మీరూ బండి తోసుకుంటూ వచ్చినవాళ్ళేనన్నమాట.”

“నాలుగు వందల ఏళ్ళ కిందటి మాటరా అది,” అన్నాను.

“తోసినవాడికి ఎప్పుడైనా బరువే కదరా.”

ఎగతాళిగా అనలేదు. నిజంగా ఆ హాన్స్ గురించే ఆలోచిస్తున్నట్టు అన్నాడు. సిగ్గేసింది. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. ఆల్విన్ కుబిచెక్ అని పేరు చెప్పి కూర్చున్నాను. వాడు చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. పోయేదాకా ఎవరికీ చెప్పనని.

త్సీగ్లర్ కూడా లేచాడు. మోకాళ్ళు పోయాయి, వచ్చే నెల తప్పుకుంటాను, నా చోట మార్గాని తీసుకోండి, ఇప్పుడు ఆడవాళ్ళు కూడా ఉండొచ్చు అన్నాడు. మార్గా మొహం చూశాను. పెళ్ళినాడు అలా ఉంది. ఆ తర్వాత ఎప్పుడుందో గుర్తులేదు.

6:00. బ్రున్నర్ పొలం. ఏడుగురం. రాయి ఆల్విన్ చేసిన కొత్త బండి మీద వచ్చింది. సుత్తి చప్పుడు దాని కోసమే. వాడే తవ్వాడు. అరగంటలో గుంట అయింది. నేను సంచిలోంచి గుర్తు బయటికి తీస్తున్నాను. వాడు పార కింద పెట్టి, పది అడుగులు నడిచి, వీపు మా వైపు పెట్టి నిలబడ్డాడు.

ఆరుగురం ఆ వీపు వైపు చూస్తూ ఉండిపోయాం. పిలవాల్సింది నేనే.

“ఆల్విన్. ఇటు రారా.”

“అయిపోయిందా?”

“ఇంకా పెట్టలేదు.”

అప్పుడు తిరిగాడు. వచ్చాడు. చెవిలో చెప్పాను. చేతిలోది చూపించాను, ఎలా పెట్టాలో చూపించాను. వాడు గుంట పక్కన వంగి చాలాసేపు చూశాడు.

“అంతేనా?” అన్నాడు.

“అంతే.”

గుంట అంచున మట్టి చేత్తో సరిచేశాడు. “బాగానే ఉంది.”

మా వైపు ఇంతకు మించిన పొగడ్త లేదు. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. గడ్డి కోతల కాలం, దుమ్ము.

కాదు. ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద ఉండలు ఉడుకుతున్నాయి. ఏడు తిన్నాను. ప్రతిజ్ఞలకో దండం. ఇక చచ్చినా ఎవడు ఫ్రాంకు ఎవడు కాదు అని అడగను.

జూలై 3, గురువారం

ఉదయం 8:40. ఆల్విన్ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చాడు. ప్రమాణం చేసినప్పుడు ఇచ్చిన బిళ్ళ చొక్కాకి పెట్టుకుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదట. మార్గా కాఫీ పోసి, చెర్రీల కేకు కోసింది. నాకూ ఇచ్చింది.

వాడు కేకు తిని, గొంతు తగ్గించి, “నీ కాగితం ఉందా, పారేశావా?” అని అడిగాడు.

ఎందుకన్నాను.

“త్సీగ్లర్ తప్పుకుంటానన్నాడుగా. మార్గా మంచిదేరా, కాదనను. నా కోసం నీకు ఎనిమిది రోజులు అన్నం పెట్టలేదు, నాకు తెలుసు. కానీ ఇది ఏడుగురి వ్యవహారం. ఆవిడ ఓబర్‌ఫాల్ట్స్ మనిషి.”

“అవుననుకో,” అన్నాను.

“నేను పుట్టింది ఇక్కడ. మీ హాన్స్ వచ్చింది బండి తోసుకుంటూ. మా నాన్నా అంతే. ఆవిడ ఎలా వచ్చింది? పెళ్ళి కారులో వచ్చింది. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదరా.”

ఆలోచిస్తే సబబుగానే ఉంది. ఇన్ని రోజులు నాకెందుకు తట్టలేదో. కాగితం తెచ్చాను. వెనక వైపు ఖాళీగా ఉంది.

9:05. మార్గా కాఫీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆల్విన్ వైపు చూసింది. నా వైపు చూడలేదు, నా సంగతి ఆవిడకి కొత్త కాదు. ఆల్విన్ కేకు ముక్కలు ఏరుకుంటున్నాడు. ఆవిడ కెటిల్ బల్ల మీద పెట్టి, ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, కారు తాళాలు తీసుకుంది.

“మా ఊరు పోతున్నాను,” అంది. “పరదేశం కదా, ఎప్పుడొస్తానో చెప్పలేను.”

ఆవిడ మాట నెమ్మదిగానే ఉంది. పిలవాలనిపించింది. నిన్న ఒకణ్ణి పిలిచాను కదా, ఎలా పిలవాలో నాకు తెలుసు. కానీ ఆల్విన్ అప్పటికే పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టాడు.

9:20. కారు వాగు వంతెన దాటింది. కొత్త ప్రతిజ్ఞ, పద్నాలుగు రోజులు, మొదటి రోజు. నిబంధన ఒకటి: ఫ్రాంకు అంటే బండి తోసుకుంటూ వచ్చినవాడు. ఆల్విన్ చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. వాడికి మంచి ఉత్సాహంగా ఉంది.